నెల్లూరు తీరంలో భోజన సమీక్ష

హోటల్లో తిన్న తిండి ఎలా ఉందో పదిమందికీ తెలిసేలా రాయడం, లేదా ఫోన్‌తో తీసి చూపించడం భోజన సమీక్ష. కొత్త మెనూ ఖాయం చేసే ముందు హోటల్ వాళ్లు పిలిచి పెట్టే రుచి విందులు, ఫుడ్ ఫెస్టివళ్లు, బీచ్ పండుగల్లో వెలిసే స్టాళ్లు, తిరునాళ్ల అంగళ్లు కూడా దీని కిందికే వస్తాయి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలాన్నీ, దాన్ని ఆనుకున్న తీరాన్నీ తీసుకుని ఈ పని తీరు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడి వంట రుతువును బట్టి, వేటను బట్టి, వండి ఎంతసేపయిందన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఒక్క పూట తిని తీర్పు చెప్పే సమీక్షకు ఈ తీరం అంత తేలిగ్గా లొంగదు.

ప్రాంతం

ఇందుకూరుపేట పెన్నా డెల్టాలో, నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. రోడ్డు చివర మైపాడు బీచ్, నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్లు. మండలంలోని గంగపట్నంలో చాముండేశ్వరి అమ్మవారి గుడి, పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉన్నాయి. నెల్లూరు నుంచి బయల్దేరితే మొదట వరి పొలాలు, తర్వాత రొయ్యల చెరువులు, బకింగ్‌హామ్ కాలువ, ఆ పైన సముద్రం. పళ్లెంలోకి వచ్చేవన్నీ ఈ వరుసలోనే దొరుకుతాయి. అన్నం పొలం నుంచి, రొయ్య చెరువు నుంచి, వంజరం, చందువా, కానాగంత, నెత్తళ్లు సముద్రం నుంచి. ఎండ్రకాయలు కాలువల్లోనూ ఉప్పుటేరుల్లోనూ దొరుకుతాయి.

అన్నం సంగతి ఎవరూ రాయరు. మీల్స్ పళ్లెంలో సగానికి పైగా ఉండేది అదే. ఒకప్పుడు నెల్లూరు పేరు చెబితే మొలగొలుకులు గుర్తొచ్చేవి. ఎక్కువ కాలం పొలంలో ఉండే ఆ రకాల స్థానంలోకి నెల్లూరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్ఎల్ఆర్ 34449, బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబా మసూరి వచ్చాయి. సన్న బియ్యం సాంబారుకూ రసానికీ బాగుంటుంది. చిక్కటి పులుసుకు మాత్రం, అందులోనూ పొద్దున చద్దన్నంలో కలుపుకోవాలంటే, కాస్త లావు గింజే మేలని ఇక్కడి పెద్దవాళ్లు అంటారు. మెనూ కార్డులో చేపకు పది రకాల పేర్లుంటాయి, బియ్యానికి ఒక్కటీ ఉండదు.

పూర్వరంగం

తెలుగువాళ్లకు హోటల్ సమీక్ష కొత్తది కాదు. 14, 15 శతాబ్దాల నాటి క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ ఓరుగల్లు అంతా తిరుగుతారు. అందులో ఒక పద్యంలో పూటకూళ్ల ఇంటి భోజనం ప్రస్తావన ఉంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, కొత్త నెయ్యి, అరటిపళ్లు, పెరుగు, ఇవన్నీ ఒక్క రూకకు. ఇంటి పేరు, వడ్డన వరుస, ధర మూడూ ఉన్నాయి. ఇవాళ్టి రీళ్లలో చాలావాటిలో ఈ మూడింటిలో రెండు కనిపించవు. ఈ లెక్కన ఆ ఒక్క పద్యం వాటికంటే మెరుగైన సమీక్ష.

కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం మరో రకం. వానాకాలంలో వరుగులు, వడియాలు, ఎండాకాలంలో చల్లటి పానీయాలు, పళ్లు, చలికాలంలో మిరియాల ఘాటున్న కూరలు, వేడి నెయ్యి. ఒకే ఇంటి వంటను మూడు కాలాల్లో మూడు రకాలుగా చెప్పడం అక్కడ కనిపిస్తుంది. నెల్లూరు కవి తిక్కన విరాటపర్వంలో భీముణ్ణి వంటవాడిగా విరాటుడి కొలువులో చేర్చాడన్నది కూడా ఇక్కడివాళ్లు సరదాగా గుర్తు చేస్తుంటారు, కథ వ్యాసుడిదే అయినా.

అచ్చు యుగంలో తెలుగు పత్రికలు వంటలకు చోటిచ్చాయి కానీ అది ఇంట్లో వండుకోవడానికే. నవలా రచయిత్రి మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. హోటల్ తిండి మీద విమర్శ మాత్రం తెలుగు పత్రికల్లో స్థిరపడలేదు. సినిమాకు దొరికినంత మంది విమర్శకులు ఇడ్లీకి దొరకలేదు. ఫ్రాన్స్‌లో గ్రిమో ద లా రేనియేర్ 1803 నుంచే రుచి చూసే బృందాన్ని కూర్చోబెట్టి వార్షిక సంచికలు వేశాడు. టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో కారు యాత్రికులకు గైడు పంచి, 1926లో హోటళ్లకు నక్షత్రాలివ్వడం మొదలుపెట్టింది. మనదేశంలో 2008లో ఫుడీబే పేరుతో మెనూ కార్డులు స్కాన్ చేసి పెట్టిన సంస్థ తర్వాత జొమాటో అయింది. నక్షత్రాలు ఇచ్చే అధికారం అక్కడి నుంచే తినేవాళ్లందరి చేతికీ వచ్చింది.

తెలుగులో తిండి వీడియోకు జనాదరణ పల్లె పొయ్యి దగ్గర మొదలైంది. నూరేళ్లు దాటిన వయసుతో గుంటూరు వైపు పల్లెలో ఆరుబయట వండుతూ 2016 నుంచి ప్రపంచానికి పరిచయమైన మస్తానమ్మ 2018 డిసెంబరులో చనిపోయేనాటికి లక్షల మంది ఆమె వంట చూస్తున్నారు. ఆమె ఎవరినీ సమీక్షించలేదు, వండింది అంతే. ఆ తర్వాతి తరం వాళ్లు పొయ్యి వదిలి బండి దగ్గరికీ హోటల్ దగ్గరికీ ఫోన్ పట్టుకెళ్లారు.

చేపల పులుసు

నెల్లూరు పేరుతో హైదరాబాద్, బెంగళూరు, చెన్నై హోటళ్లలోనూ అమెరికాలోని ఆంధ్రా రెస్టారెంట్లలోనూ అమ్ముడయ్యే వంటకం ఇది. చింతపండు రసం, పచ్చి మామిడికాయ ముక్కలు, ఎండుమిర్చి కారం, వేయించి దంచిన మెంతులు, ఆవాలు, జీలకర్ర, నువ్వుల నూనె దీని ప్రాణం. పులుసు మరిగి పచ్చివాసన పోయాక చేప ముక్కలు వేస్తారు. అక్కడి నుంచి గరిటె పెట్టరు. దాక అంచులు గుడ్డతో పట్టుకుని రెండు చేతులా మెల్లగా తిప్పుతారు. ఉడికిన చేప కండ పొరలు పొరలుగా విడిపోతుంది, గరిటె తగిలితే ముక్క చెదిరిపోతుంది. నూనె పైకి తేలినప్పుడు దించుతారు. జిల్లాలోని ఉదయగిరిలో భౌగోళిక గుర్తింపు పొందిన చెక్క గరిటెలు తయారవుతాయి, కానీ ఈ ఒక్క కూరలో వాటికి పని లేదు.

అసలు పరీక్ష మర్నాడు. దించిన పూట పులుపూ ఉప్పూ రసంలోనే ఉంటాయి, ముక్క కొరికితే లోపల చప్పగా ఉంటుంది. రాత్రంతా ఉంటే రసం ముక్కలోకి దిగుతుంది, చర్మం దగ్గరి జిగురు పులుసులో కలిసి అది కాస్త చిక్కబడుతుంది, మెంతి చేదు తగ్గుతుంది. చింతపండు పులుపు చేప తొందరగా పాడవకుండా కొంత కాస్తుంది. ఫ్రిజ్ లేని రోజుల్లోనూ తెల్లారి పులుసు తినడం సాధ్యమైంది అందుకే. పొద్దున చద్దన్నంలో గడ్డకట్టినట్టున్న నిన్నటి పులుసు వేసుకుని, మామిడి ముక్క నలిపి తినడం ఇక్కడి ఇళ్లలో మామూలు. హోటల్లో టేస్టింగ్ మాత్రం మధ్యాహ్నం పన్నెండున్నరకు పెడతారు. వంట పదింటికి దిగుతుంది. రెండున్నర గంటల వయసున్న పులుసును మట్టి చిట్టి కుండలో పోసి, కొత్తిమీర చల్లి, లైటు వేసి ఫొటో తీస్తారు. తీసేసరికి చల్లారితే మళ్లీ వేడి చేస్తారు, ముక్క చెదురుతుంది. అలా తిని ఐదుకు నాలుగున్నర ఇచ్చినవాళ్లు పులుసుకు ఇచ్చారా, కుండకు ఇచ్చారా అన్నది చెప్పడం కష్టం.

ముందు రాత్రే వండి ఉంచే హోటళ్లూ ఉన్నాయి. వాళ్లు ఆ మాట బోర్డు మీద రాయరు. నిన్నటి కూర అంటే కొనేవాడు వెనక్కి తగ్గుతాడని భయం. ఈ ఒక్క కూరకు అది గొప్పే తప్ప తప్పు కాదని చెప్పగలిగేది సమీక్షకుడే.

కాలం సంగతి ఇంకా చిక్కు. తూర్పు తీరంలో మర పడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఆ ఏర్పాటు. పచ్చి మామిడికాయ పుష్కలంగా దొరికేదీ దాదాపు ఆ రోజుల్లోనే. అంటే పుల్లమామిడి ఉన్నప్పుడు ఇక్కడి వంజరం ఉండదు, వంజరం పుష్కలంగా వచ్చేసరికి మామిడికాయ చెట్టు మీద ఉండదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో అటునుంచి ఐసు పెట్టెల్లో చేప వచ్చే వీలుంది. నెల్లూరు పులుసులో మంగళూరు చేప పడితే తప్పేమీ లేదు, చెబితే చాలు. ఇళ్లలో ఈ రెండు నెలలూ కొరమీను, బొమ్మిడాయిలు, చెరువు బొచ్చెలతో పులుసు పెడతారు. కొరమీను గాలి పీల్చగల చేప గనక బజారులో బతికుండగానే కొనవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది కానీ ఇక్కడి వంటింట్లో దానికి ఉన్న మర్యాద ఏమాత్రం తక్కువ కాదు.

రొయ్య

ఇందుకూరుపేట మండలం ఆదాయం ఇవాళ చాలావరకు చెరువు గట్ల మీద నడుస్తోంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఊపు తెచ్చింది, కొన్నేళ్లకే తెల్లమచ్చ వైరస్ చెరువులను ఊడ్చేసింది. తీరంలో రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. మధ్యలో మంచినీటి నీలకంఠ రొయ్య కొంతకాలం రాజ్యమేలింది. 2009లో లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానికి చెందిన వనామీకి అనుమతి వచ్చాక పెంపకం దాదాపు అటే తిరిగింది.

దీని ప్రభావం మెనూ మీద సూటిగా కనిపిస్తుంది. కార్డులో ‘టైగర్ ప్రాన్స్’ అని ఉన్నా పళ్లెంలోకి వచ్చేది చాలాచోట్ల వనామీయే. పోల్చుకోవడం కష్టం కాదు. టైగర్ ఒంటి మీద ముదురు చారలుంటాయి, ఉడికినా ఆ గీతల జాడ మిగులుతుంది. వనామీ పచ్చిగా పాలిపోయినట్టుండి ఉడికితే లేత గులాబీకి తిరుగుతుంది. రైతులూ వ్యాపారులూ రొయ్యను కౌంటుతో కొలుస్తారు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది. 30 కౌంటు పెద్దది, 100 కౌంటు చిన్నది. పెద్దవి ఎక్కువగా ఎగుమతికి పోతాయి, చిన్నవి స్థానిక వంటింటికి వస్తాయి. ఇగురుకూ చింతచిగురు రొయ్యలకూ చిన్నవే నయం, మసాలా పట్టేది వాటికే. పెద్దవి ఎగుమతికి పోతాయి గనకే, అమెరికా 2025 ఆగస్టులో భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ సూటిగా తగిలింది ఇలాంటి మండలాలకే.

రొయ్యల వేపుడు సమీక్షించేవాళ్లు కౌంటు అడగాలి, వీపు మీది నల్లనరం తీశారో లేదో చూడాలి, రబ్బరులా సాగితే ఎక్కువసేపు వేగిందని రాయాలి. ‘టేస్ట్ వేరే లెవెల్’ అంటే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

హోటళ్లు, మెస్సులు, బండ్లు

1953 అక్టోబరు 1 వరకు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. చెన్నై ఇప్పటికీ హైదరాబాద్ కంటే చాలా దగ్గర. టిఫిన్ హోటళ్లలో ఆ జాడ తెలుస్తుంది, సాంబారు, ఫిల్టర్ కాఫీ, పొంగల్ ఇక్కడ పరాయివి కావు. శాకాహార మీల్స్‌కు నెల్లూరులో కోమల విలాస్ పేరు తరచూ వినిపిస్తుంది. దోసెకు ఎర్రకారం పూసి నెయ్యితో కాల్చే నెల్లూరు కారం దోసె మాత్రం పూర్తిగా ఇక్కడి సొత్తు. తీపిలో మలై కాజా. చెన్నై, కోల్‌కతా జాతీయ రహదారి 16 జిల్లా గుండా పోతుంది గనక లారీల వాళ్ల కోసం వెలిసిన డాబాలు, మాంసాహారం పెట్టే మిలటరీ హోటళ్లు, ఇంటి ముందు గదిలో నడిచే మెస్సులు ఊరూరా ఉంటాయి. మెస్సుకు మెనూ కార్డు ఉండదు. ఆ రోజు రేవుకు ఏది వస్తే అదే కూర. పొద్దున పలక మీద సుద్దతో రాస్తారు, లేదా వడ్డించే ఆయన చదువుతాడు.

మైపాడు ఇసుక ఒడ్డున చేప వేపుళ్ల బండ్ల మీద చాలా వీడియోలు తయారవుతాయి. కంటికి ఎర్రగా కనిపించే వేపుడు కెమెరాకు బాగుంటుంది. ఆ ఎరుపు కారానిదా, రంగు పొడిదా అన్నది మొదటి ప్రశ్న. ఇలాంటి వేపుళ్లలో కృత్రిమ రంగులు కలపడానికి ఆహార భద్రతా ప్రమాణాలు ఒప్పుకోవు. పొరుగున కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో కబాబుల్లో వాటిని ప్రత్యేకంగా నిషేధించింది. రెండోది నూనె. పదే పదే కాగిన నూనెలో పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జూలై నుంచి అమల్లో ఉంది. కొలిచే యంత్రం ఎవరి దగ్గరా ఉండదు కానీ నల్లబడి, నురగ కట్టి, జిగురుగా జారే నూనె కంటికే తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం కంటే మంగళవారం మధ్యాహ్నం వెళితే బండివాడితో మాట్లాడే తీరిక దొరుకుతుంది, నూనె కూడా కాస్త కొత్తగా ఉంటుంది.

తిండి, పండుగలు

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగ ఈ జిల్లాలో అన్నిటికంటే పెద్ద ఆహార సందర్భం. ఆరోగ్య రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సొంతింటి రొట్టె అని కోరికకొక పేరు. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె అందుకుంటారు. తమది తీరాక మళ్లీ వచ్చి ఇంట్లో చేసిన రొట్టె ఇంకొకరికి ఇస్తారు. హిందువులు, ముస్లిములు, ఇరుగుపొరుగు రాష్ట్రాల వాళ్లు అంతా వస్తారు. రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. ఇక్కడ రొట్టె మెత్తగా ఉందా, మాడిందా అని అడగడం అసందర్భం. అయినా ఏటా కొందరు ఫోన్లు పట్టుకుని ‘టాప్ ఫైవ్ రొట్టెలు’ వెతుకుతారు. సమీక్ష ఆగాల్సిన చోటు ఒకటి ఉందని వాళ్లకు చెప్పాలి. చుట్టుపక్కల వెలిసే బిర్యానీ, మిఠాయి దుకాణాలు వేరే సంగతి, వాటిని ఎంతైనా తూకం వేయవచ్చు.

సంక్రాంతి తర్వాత పెన్న ఒడ్డున ఏటి పండుగ జరుగుతుంది. గొబ్బెమ్మలను ఏట్లో కలపడానికి వచ్చిన కుటుంబాలు ఇంటి నుంచి కట్టుకొచ్చిన వంటలు ఇసుకలో కూర్చుని తింటాయి. సూళ్లూరుపేట వైపు జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌లో పక్షులతో పాటు తిండి స్టాళ్లకూ గిరాకీ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది.

బిల్లు ఎవరిది

మెనూ టేస్టింగ్‌కు పిలిచినవాళ్లకు హోటల్ బిల్లు వేయదు. కొందరికి పైన డబ్బు కూడా ముడుతుంది. రీళ్ల లోకంలో దీనికి ‘కొలాబ్’ అని పేరు. తిన్నవాడు రుణపడి రాస్తాడని కాదు, కానీ చదివేవాడికి ఆ సంగతి తెలియాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలిచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో డబ్బు, ఉచిత భోజనం, బహుమతి, బంధుత్వం ఏది ఉన్నా స్పష్టంగా చెప్పాలని నియమం పెట్టింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. చిన్న ఊళ్లలో ఈ నియమాల గురించి విన్నవాళ్లు తక్కువ. రీలు చివర్లో కంటికి కనిపించనంత చిన్న అక్షరాల్లో పెట్టడం పాటించినట్టు కాదు.

ఎక్కువ మంది చూడటం కూడా అన్నివేళలా మేలు చేయదు. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్క భోజనం అమ్మే ఒకావిడ బండి వీడియోల వల్ల ఎంత కిక్కిరిసిందంటే, ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు తీయించబోయారు. ముఖ్యమంత్రి జోక్యంతో బండి నిలిచింది. రోజుకు నలభై మందికి వండే ఇందుకూరుపేట మెస్సుకు ఒక ఆదివారం నాలుగొందల మంది వస్తే రుచి నిలవదు. చేప చాలదు, పులుసులో నీళ్లు కలుస్తాయి, మర్నాటి నుంచి రోజువారీ వచ్చే టీచర్లూ రొయ్యల వ్యాపారులూ వేరే చోటు వెతుక్కుంటారు. పేరు రాసేముందు ఆ ఇంటివాళ్లను అడగడం కనీస మర్యాద.

ఈ తీరం మీద రాసేవాళ్లకు ఒక్క విన్నపం. మొదటి వాక్యంలోనే మీరు తిన్న తేదీ, వంట దించిన వేళ, చేప పేరు, ధర, బిల్లు ఎవరు కట్టారో రాయండి. వీలైతే మర్నాడు ఉదయం అదే హోటల్‌కు మళ్లీ వెళ్లి మిగిలిన పులుసు అడగండి. నక్షత్రాలు ఆ తర్వాత ఇవ్వవచ్చు.